ఆడపడుచును పుట్టింటికి తెచ్చే నేతగాళ్ళు: బరంపురం ఠాకురాణి యాత్ర

సమాఖ్య వార్షికోత్సవ సంచికకు మీ ఊరి చరిత్ర రాసి పంపండి అని పెద్దలు అడిగినప్పుడు, మగ్గం గురించి రాద్దామా, సహకార సంఘం గురించి రాద్దామా అని అనుకున్నాం. ఆ రెండింటి గురించీ ఇదివరకు చాలామంది రాశారు. మా బరంపురంలో నేతగాడికి ఊరంతా ఇచ్చే ఒక మర్యాద ఉంది. అది పట్టుచీర వల్ల ఎంత వచ్చిందో, బుఢీ ఠాకురాణి యాత్ర వల్ల కూడా అంతే వచ్చింది. అందుకని ఆ యాత్ర గురించే రాస్తున్నాం. సోలాపురం, భీవండి, సేలం, కోయంబత్తూరు, యానాం వైపు ఉన్న మన వాళ్ళకు ఈ సంగతి అంతగా తెలిసి ఉండదు. తెలుసుకుంటే సంతోషిస్తారని మా నమ్మకం.

రాజమహేంద్రి నుంచి మహురికి

బరంపురం ఒడిశాలో గంజాం జిల్లాలో ఉంది. ఇచ్ఛాపురం దాటితే ఎంతో దూరం కాదు. ఒడియాలో బ్రహ్మపుర అంటారు, తెలుగువాళ్ళం బరంపురం అంటాం. పట్టు నేత వల్ల సిల్క్ సిటీ అనే పేరు కూడా ఉంది.

ఈ పట్టు నేత ఇక్కడ పుట్టింది కాదు, వలస వచ్చింది. మహురి రాజు పట్టు, టస్సరు బట్టలు నేయడానికి రాజమహేంద్రవరం వైపు నుంచి నేతగాళ్ళను పిలిపించి ఇక్కడ నిలిపాడని పెద్దలు చెప్తారు. 1662లో అని ఏడు కూడా చెప్తారు. ఇట్లా వచ్చినవాళ్ళను ఒడియాలో దెర అంటారు. మన దేవాంగుల్లో కలిపి చూస్తారు. తరాలు గడిచాక కొందరి ఇళ్ళల్లో తెలుగు నిలిచింది, కొందరి ఇళ్ళల్లో ఒడియా వచ్చేసింది. చాలా ఇళ్ళల్లో రెండూ నడుస్తాయి. పంచాయితీ ఒడియాలో, పోట్లాట తెలుగులో అని మా దగ్గర తమాషాగా అంటారు.

రాజు పిలిచాడు గదా అని నేతగాడు ఒంటరిగా రాడు. నేత ఒక్కడు చేసే పని కాదు. నూలు వడికేవాళ్ళు, ఆసు పోసేవాళ్ళు, రంగు వేసేవాళ్ళు, అచ్చు కట్టేవాళ్ళు అందరూ కలిసి రావాలి. అట్లా వచ్చిన గుంపుకు ఒక పెద్ద ఉంటాడు. ఆ పెద్దరికానికే దేశి బెహరా అని పేరు. ఆ పదవి వంశపారంపర్యంగా వస్తోంది. ఆ కుటుంబం ఉండే వీధి పేరు కూడా దేశి బెహరా వీధే. ఊరి పట్టాల్లోనూ, ఆటో వాళ్ళ నోట్లోనూ అదే పేరు.

కొత్త ఊరికి వచ్చినవాడికి మొదట కావలసింది చుట్టరికం. భూమి రాజు ఇస్తాడు, చుట్టరికం ఎవరు ఇస్తారు? నేతగాళ్ళు ఆ చుట్టరికాన్ని ఊరి అమ్మవారితోనే కలుపుకున్నారు. బుఢీ ఠాకురాణి అంటే ముసలమ్మ తల్లి అని అర్థం. ఆవిడ ఊరంతటికీ తల్లి. నేతపెద్దకు మాత్రం కూతురు. ఈ ఒక్క వరస మీదే యాత్ర మొత్తం నిలబడి ఉంది.

అమ్మవారు పుట్టింటికి వచ్చే నెల

యాత్ర రెండేళ్ళకు ఒకసారి చైత్రంలో వస్తుంది. దాదాపు నెల రోజులు సాగుతుంది. దక్షిణ ఒడిశాలో ఇంత పొడుగు పండగ ఇంకోటి లేదంటారు. కొన్ని వారాల ముందే దేశి బెహరా వీధిలో శుభ ఖుంటి పాతుతారు. మనం పెళ్ళికి పందిరి రాట వేసినట్టు అన్నమాట. రాట పడిందంటే ఇంక ఊరికి పెళ్ళి కళ వచ్చినట్టే.

మంచి ముహూర్తం చూసి దేశి బెహరా దంపతులు గుడికి వెళ్ళి అమ్మవారిని పుట్టింటికి రమ్మని పిలుస్తారు. ఊరేగింపుగా తీసుకొచ్చి తమ వీధిలో కట్టిన పందిరి గుడిలో కూర్చోబెడతారు. యాత్ర అయ్యేదాకా ఆవిడ అక్కడే ఉంటుంది. ప్రతి రాత్రి ఆడవాళ్ళు పూలతో అలంకరించిన ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరుగుతారు. అమ్మవారు ఆ ఘటంలో మన గుమ్మం దాకా వస్తుందని నమ్మకం. గుమ్మం ముందు కడిగి, ముగ్గు వేసి, పసుపు నీళ్ళు, దీపం పెట్టుకుని అర్ధరాత్రి దాకా కూర్చుంటారు జనం. ఆఖరి రాత్రి అమ్మవారు తిరిగి గుడికి వెళ్తుంది. అది అత్తారింటికి పంపే రాత్రి. ఆ రాత్రి వీధుల్లో కాలు పెట్టే చోటు ఉండదు.

ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఎవరికైనా ఇది కొత్తగా అనిపించదు. విజయనగరం, శ్రీకాకుళం వైపు గ్రామదేవతల పండగల్లో ఘటాలు తిరగడం మనకు తెలిసిందే. మన వాళ్ళు మగ్గాలతో పాటు ఈ మర్యాదను కూడా మోసుకొచ్చారని మేము అనుకుంటాం. ఇక్కడి శాక్తేయ ఆచారంతో అది కలిసిపోయింది. ఏది తెలుగు, ఏది ఒడియా అని ఇప్పుడు విడదీయబోతే పడుగులోంచి పేక లాగినట్టే, బట్ట మిగలదు.

అమ్మవారు పుట్టింటికి వస్తోంది గనక ఊళ్ళో ఆడపిల్లలందరూ పుట్టింటికి వస్తారు. విశాఖపట్నం, కలకత్తా, భువనేశ్వర్ ఎక్కడ కాపురం చేస్తున్నా సరే. రెండేళ్ళకు ఒకసారి తల్లిదండ్రుల ఇల్లు నిండడం అనేది చిన్న విషయం కాదు. కూతుళ్ళు లేని ఇంటివాళ్ళు కూడా అమ్మవారిని చూసి మా కూతురే వచ్చింది అనుకుంటారు.

వేషాలు, రథాలు, పులి ఆట

ఇది పూజతో అయిపోయే పండగ కాదు. గంజాం జిల్లా జానపద కళలు చాలావరకు ఈ యాత్రలో కనిపిస్తాయి.

మొదట రథాల సంగతి. రథం అంటే లాగే రథం కాదు. వీధి మొగలో గడ్డి, మట్టి, రంగులతో పురాణ కథల బొమ్మలు చేసి నిలబెడతారు. రామాయణం, భారతం, భాగవతం అన్నీ ఉంటాయి. ఒక్కో వీధి వాళ్ళు ఒక్కో రథం కడతారు. పక్క వీధి వాళ్ళ కంటే మన బొమ్మ బాగుండాలని పోటీ. చదువు రాని ముసలివాళ్ళు కూడా మనవల్ని పట్టుకుని ఒక్కో రథం దగ్గర ఆగి కథ చెప్తారు. మా తరంలో చాలామందికి పురాణం మొదట తెలిసింది పుస్తకంలో కాదు, ఈ రథాల దగ్గరే.

తరవాత వేషాలు. జబ్బు నయమైతేనో, బిడ్డ పుడితేనో వేషం కట్టుకుని నీ గుమ్మానికి వస్తాను తల్లీ అని మొక్కుకుంటారు. రాముడి వేషం, కృష్ణుడి వేషం కట్టేవాళ్ళు ఉన్నారు. బిచ్చగాడి వేషం, వీధులు ఊడ్చేవాడి వేషం కట్టేవాళ్ళూ ఉన్నారు. బాగా ఉన్నవాళ్ళ పిల్లలు చీపురు పట్టుకుని వీధిలో తిరుగుతారు. పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడు కూడా మొక్కు తీర్చుకునే రోజు నలుగురి ముందూ చెయ్యి చాపుతాడు. ఇది మనిషి పొగరు దించే పని. సంవత్సరమంతా పెద్దమనిషిగా తిరిగేవాణ్ణి ఒక్క పూట చిన్నవాణ్ణి చేస్తుంది.

తిరుపతి గంగమ్మ జాతరలో కూడా ఇట్లాగే వేషాలు ఉన్నాయి. బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని వరసగా వస్తాయి. అక్కడ అమ్మవారి వేషాలు కట్టే మిరాసీ కైకాల వారిది. వాళ్ళూ నేత కులం వాళ్ళే. తిరుపతి ఎక్కడ, బరంపురం ఎక్కడ! రెండు చోట్లా అమ్మవారి ముందు నిలబడే హక్కు నేతగాడికి ఉంది. కోయంబత్తూరు దేవాంగులు విజయదశమికి రామలింగ చౌడేశ్వరి ముందు కత్తులు పట్టుకుని నడుస్తారు. సోలాపురం పద్మశాలీలు శ్రావణ పున్నమికి మార్కండేయుడి రథం తీస్తారు. ఎక్కడికి పోయినా మన వాళ్ళు మగ్గం గుంట తవ్వుకున్నారు, దేవుడికి ఒక పండగ పెట్టుకున్నారు.

అన్నిటికంటే జనం ఎగబడేది పులి ఆటకు. ఒడియాలో బాఘ నాచ అంటారు. మగవాళ్ళు ఒళ్ళంతా పసుపు రంగు పూసుకుని, నల్ల చారలు దిద్దుకుని, తోక కట్టుకుని ఆడతారు. డప్పు మోగాలి, మహురి ఊదాలి. మహురి మన సన్నాయి లాంటిది. రంగు ఆరేదాకా గంటల తరబడి నిలబడాలి. ఎండలో ఒళ్ళు మండిపోతుంది. అయినా తండ్రి పులి ఆడితే కొడుకు పులిపిల్ల ఆడతాడు. ఈ విద్యకు బడి లేదు. రెండేళ్ళకు ఒకసారి వచ్చే యాత్రే వాళ్ళ బడి.

ఈ జిల్లాలోనే ప్రహ్లాద నాటకం అని ఒక గొప్ప ఆట ఉంది. దాని మూలం జలంతరకోట రాజుల దగ్గర ఉంది. ఆ ఊరు ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. మాట ఒడియా, పాటల రాగాల్లో దక్షిణాది పోకడ, మెట్ల మెట్ల వేదిక. మన వీధి భాగవతం చూసినవాడికి చుట్టాల్ని చూసినట్టు ఉంటుంది. ఇట్లాంటి ఆటలు బతకాలంటే జనం గుమిగూడే సందర్భాలు ఉండాలి. యాత్రలు, జాతరలు ఆ పని చేస్తాయి.

లాభం చూడని లెక్క

మేము సంఘం లెక్కలు రాసేవాళ్ళం గనక ఈ యాత్రను లెక్క ప్రకారం కూడా చూస్తాం. ఈ కాలంలో కళల కోసం సొసైటీలు రిజిస్టర్ చేస్తున్నారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ఆడిట్ అన్నీ ఉంటాయి. అవి మంచివే. కానీ ఆ చట్టాలు ఏవీ రాకముందే మన నేత కులాలు లాభం చూసుకోని సంస్థలు నడిపాయి. వాటికి పెట్టుబడి మనుషుల పని దినాలు.

నేతగాడికి నెల జీతం లేదు. చీర దిగితే కూలి, దిగకపోతే లేదు. ఒక రోజు మగ్గం ఆగిందంటే ఆ రోజు కూలి పోయినట్టే. అట్లాంటివాడు పందిరి కట్టడానికి ఒక రోజు, ఘటం వెంట నడవడానికి కొన్ని రాత్రులు, రథం బొమ్మకు గడ్డి చుట్టడానికి రెండు రోజులు ఇచ్చాడంటే అది చందా కంటే పెద్ద చందా. ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుట్టడం ఆపి అమ్మవారి పనికి వెళ్తారు, ఆ కూలీ పోతుంది. ఈ లెక్క ఏ రసీదు పుస్తకంలోనూ ఎక్కదు. యాత్ర ఏటా కాకుండా ఏడు విడిచి ఏడు రావడంలో నేతగాడికి ఒక వెసులుబాటు ఉందని మేము అనుకుంటాం. ఏటా నెల రోజులైతే ముక్క కూలి మీద బతికేవాడు తట్టుకోలేడు.

ఖర్చు ఇట్లా ఉంటే జమ ఎవరికి? కుమ్మరికి ఘటాల పని. బొమ్మలు చేసేవాడికి రథం పని. డప్పు, మహురి వాళ్ళకు నెల రోజుల పని. పూల వాళ్ళకు, గాజుల వాళ్ళకు, మిఠాయి వాళ్ళకు, రంగులరాట్నం వాళ్ళకు బేరం. బట్టల కొట్లకు సరే సరి. జమ ఊరంతటికీ వెళ్ళింది, ఖర్చులో పెద్ద భాగం నేత వీధి భరించింది. వ్యాపారంలో ఇది నష్టం లెక్క. పుట్టింటి లెక్కలో మాత్రం ఇది సరిపోతుంది. కూతురు వచ్చిందని తండ్రి పెట్టే ఖర్చుకు ఎవరూ లాభం అడగరు. యాత్ర ఇన్ని తరాలు నిలిచిందంటే ఆ వరస వల్లే నిలిచింది.

గీత మారింది, వరస మారలేదు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయింది. అంతకు ముందు గంజాం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. బరంపురంలో తెలుగు, ఒడియా రెండూ బలంగా ఉండేవి. రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు 1894లో ఇక్కడే పుట్టారు, తెలుగు కుటుంబం వారు. ఈ ఊరు ఎటు పోవాలి అని ఆ కాలంలో రెండు వైపులా పెద్ద వాదనలు జరిగాయి. గీత గీసినప్పుడు బరంపురం ఒడిశాలోకి వెళ్ళింది, ఇచ్ఛాపురం ఇవతల ఉండిపోయింది. చుట్టాలు రెండు రాష్ట్రాల వాళ్ళయ్యారు.

అట్లాంటి గీత పడిన ఊళ్ళల్లో భాష పేరు మీద మనసులు విరిగిపోవడం మామూలు. బరంపురంలో కూడా మాటలు పడ్డాయి. కానీ ప్రతి రెండేళ్ళకూ చైత్రం వచ్చేసరికి తెలుగు ఇంటి ముందూ ఘటం ఆగింది, ఒడియా ఇంటి ముందూ ఆగింది. అమ్మవారి పుట్టిల్లు తెలుగు నేల నుంచి వచ్చినవాళ్ళ వీధి. ఆవిడ గుడి ఊరంతటిదీ. వియ్యంకుల మధ్య మాట తేడా ఉంటే ఉంటుంది గానీ కూతురి ముందు ఎవరూ గొంతు పెంచరు. సభలు చేయలేని పని ఈ ఆడపడుచు చేసింది.

మగ్గం తగ్గింది, యాత్ర పెరిగింది

ఇప్పుడు అసలు చెప్పాల్సిన సంగతి. మా చిన్నతనంలో నేత వీధుల్లో నడిస్తే రెండు వైపులా నాడె చప్పుడు వినిపించేది. ఇప్పుడు చెవి పెట్టి వెతుక్కోవాలి. యాత్రకు వచ్చే జనం మాత్రం ఏ విడతకు ఆ విడత పెరుగుతున్నారు.

బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫోడా కుంభ చీరకూ, మగవాళ్ళు కట్టే జోడాకూ ఆ గుర్తింపు ఉంది. కుంభం అంటే అంచు మీద గుడి గోపురంలా కోసుగా లేచే వరస. అంచుకు ఒక రంగు, ఒడలుకు ఒక రంగు పేక నడిపి రెండూ కలిసే చోట తప్పు రాకుండా నేయాలంటే నాడెలు వేరు కావాలి, పక్కన ఇంకో చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఇదివరకు పెళ్ళానిదో బిడ్డదో. ఇప్పుడు బిడ్డ మగ్గం దగ్గర కూర్చోడు. కూర్చోమని చెప్పే ధైర్యం తండ్రికీ లేదు. పట్టు ధర, జరీ ధర పెరుగుతూ పోతుంది. కూలి ఆ మేరకు పెరగదు. అదే డిజైను పవర్లూం మీద వచ్చి సగం ధరకు అమ్ముతుంది. కొన్ని రకాల బట్ట చేనేతకే వదలాలని 1985లో చట్టం చేశారు. చట్టం పుస్తకంలో ఉంది, బజారులో పవర్లూం చీర ఉంది.

గంజాం కుర్రాళ్ళు వేలమంది సూరత్ వెళ్ళి పవర్లూం నడుపుతున్నారు. వాళ్ళల్లో అన్ని కులాల వాళ్ళూ ఉన్నారు. చేతి మగ్గానికి పేరుపడ్డ జిల్లా నుంచి వెళ్ళి, ఆ మగ్గాన్ని ఆపేసిన యంత్రం దగ్గర పన్నెండు గంటలు నిలబడుతున్నారు. వాళ్ళ తప్పు లేదు, కడుపు అక్కడికి లాక్కుపోయింది. యాత్రకు మాత్రం సెలవు పెట్టుకుని వస్తారు. పులి రంగు పూసుకునేవాళ్ళల్లో అట్లాంటివాళ్ళు చాలామంది.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతం అంతా దెబ్బతింది. గుంట మగ్గానికి నీళ్ళు శత్రువు. గుంటలో నీళ్ళు చేరితే కొయ్య ఉబ్బుతుంది, పడుగు పాడవుతుంది. 2021లో కరోనా వల్ల యాత్ర ఆగింది. 2023లో జరిగేసరికి మధ్యలో నాలుగేళ్ళ ఎడం వచ్చింది. ఆ నాలుగేళ్ళల్లో కొందరు పెద్దలు వెళ్ళిపోయారు. వాళ్ళతో పాటు ఏ రాత్రి ఘటం ఏ వీధి తిరగాలి, ఏ పాట ఎక్కడ పాడాలి అనే వివరాలు కొన్ని వెళ్ళిపోయాయి. అప్పుడు అర్థమైంది, ఇదంతా మనుషుల తలకాయల్లోనే ఉంది, కాగితం మీద లేదు అని.

మా భయం ఇది. మగ్గం లేని నేతపెద్ద, నేత లేని నేత వీధి మిగిలితే అమ్మవారి పుట్టిల్లు అనే మాట పేరుకే మిగులుతుంది. యాత్ర ఆగదు, అది పెద్ద మేళాగా నడుస్తూనే ఉంటుంది. లైట్లు, స్టేజీలు, పాటల పార్టీలు ఇంకా పెరుగుతాయి. తండ్రి ఇల్లు మాత్రం ఖాళీ అవుతుంది. అమ్మవారికి పెట్టే చీర కూడా కొట్లో కొన్న యంత్రం చీర అయితే, ఇంక మనం పుట్టింటివాళ్ళం అని ఏ మొహం పెట్టుకుని చెప్తాం?

మనం చేయగలిగినవి

పెద్ద పెద్ద పథకాలు మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నవి మూడు.

ఒకటి, అమ్మవారికి పెట్టే ప్రతి బట్టా చేతి మగ్గం బట్టే కావాలి. ఘటం మోసే ఆడవాళ్ళ చీర, యాత్ర పెద్దల జోడా కూడా సంఘం మగ్గాల మీద దిగాలి. రెండేళ్ళు ముందే తెలిసిన పండగ ఇది. ముందుగా ఆర్డరు ఇస్తే, బయానా ఇస్తే, కొన్ని మగ్గాలకైనా ఖాళీ నెలల్లో పని దొరుకుతుంది. యాత్ర ఊరికి పని ఇస్తోంది, పుట్టింటి మగ్గానికి కూడా ఇవ్వాలి.

రెండు, రాసి పెట్టాలి. ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. డెబ్బై, ఎనభై ఏళ్ళ పెద్దల్ని కూర్చోబెట్టి అడిగి, మాట రికార్డు చేసి, తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాలి. పది చదివిన పిల్లలు చాలు ఈ పనికి. పులి రంగు ఎట్లా కలుపుతారో, మహురికి పాళీ ఎట్లా కడతారో, కుంభం అంచుకు పోగుల లెక్క ఎంతో, అన్నీ ఒకే పుస్తకంలో ఉండాలి. అవన్నీ ఒకే వీధి విద్యలు గదా.

మూడు, యాత్ర నెలలో పందిరి పక్కనే ఒక మగ్గం దించి నేసి చూపించాలి. వచ్చే లక్షల జనంలో చాలామంది పట్టుచీర కడతారు గానీ నేయడం చూసినవాళ్ళు తక్కువ. చేత్తో అంచు కలపడానికి ఎంతసేపు పడుతుందో కళ్ళారా చూసినవాడు ధర దగ్గర అంత బేరం ఆడడు.

ఈ మాటలు బరంపురానికే కాదు. సోలాపురంలో రథం లాగే సోదరులకు, కోయంబత్తూరులో కత్తి పట్టే తమ్ముళ్ళకు, ఇతర ఊళ్ళల్లో మన కులదేవతల పండగ నడిపే పెద్దలందరికీ చెప్తున్నాం. మీ ఊళ్ళో మీ పండగకు కట్టే బట్ట ఎవరు నేశారు అని ఒకసారి అడగండి. మన పేరుతో నడిచే పండగలో మన మగ్గానికి చోటు ఉందో లేదో చూడండి. లేకపోతే వచ్చే పండగకు ఒక్క చీరతోనైనా మొదలుపెట్టండి. బరంపురంలో చైత్రానికి యాత్ర వస్తుంది. మన సమాఖ్య కుటుంబాలు అందరూ రండి, దేశి బెహరా వీధిలో అమ్మవారిని చూడండి. ఆవిడ మనింటి ఆడపడుచు, మీకూ చుట్టమే.